తాలుకాయ పొగ

మీలా కొత్తగా పోలీసు డ్యూటీలో చేరిన ఆడపిల్లలు ఎప్పుడైనా మా ఇంటికొస్తే, టీ తాగి, కాస్త చనువు వచ్చాక ఒక మాట అడుగుతారు. "మేడమ్, సర్వీసులో మీరెప్పుడైనా బాగా భయపడ్డారా?" అని. ఏ రౌడీషీటరో కత్తి తీశాడనో, శవం పక్కన ఒక్కదాన్నే కాపలా ఉన్నాననో చెబుతానని ఎదురుచూస్తారు. అవీ జరిగాయి. అప్పుడు భయం వేసింది గానీ, ఇంటికొచ్చి అన్నం తిన్నాక పోయింది. రిటైరయ్యాక కూడా పోని భయం ఒకటుంది. అది దొంగల్ని చూసి పుట్టింది కాదు. నేనే ఇంటింటికీ తిరిగి ఎంచుకుని, మెడలో ఈలలు వేసి, ఊరికి కాపలా పెట్టిన మనుషుల్ని చూసి పుట్టింది.

అప్పుడు నేను దర్శి వైపు ఒక స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్‌ని. మా పరిధిలో ఒక చిన్న ఊరు ఉండేది. పేరు చెప్పను, ఆ ఊళ్లో ఇప్పటికీ నాకు పలకరింపులున్నాయి. మిరప, పత్తి తప్ప మరో మాట ఉండని ఊరు. రోడ్డుకు ఒక పక్క ఊరు, మరో పక్క దళితుల పల్లె, పల్లె చివర రేకుల చర్చి, దాన్ని ఆనుకుని మిరప కళ్లాలు. ఆ ఏడాది కళ్లాల్లో ఆరబోసిన కాయ పోవడం మొదలైంది. ట్రాలీ ఆటోల్లో వచ్చి, బస్తాలకు బస్తాలు, టిక్కీలకు టిక్కీలు ఎత్తుకుపోతున్నారు. రైతులు మంచాలు తెచ్చుకుని కళ్లాల్లోనే పడుకున్నా ఆగలేదు.

మా ఎస్సై గారు కుర్రాడు. ట్రైనింగ్ నుంచి నేరుగా వచ్చాడు, మంచివాడు, ఏది చేసినా గబగబా చేయాలని ఉబలాటం. "మనకు స్టాఫ్ లేరు మేడమ్. ఊరివాళ్లతోనే కాపలా దళం పెడదాం. మీరు మాట్లాడితే వింటారు" అన్నాడు. నాతో పాటు ఒక హోంగార్డును ఇచ్చాడు. అతనిది నా వయసే. మోకాళ్ల నొప్పుల గురించి, తన బైకు గురించి నిరంతరం సణుగుతుండేవాడు గానీ, చెప్పిన పని చేయకుండా ఎప్పుడూ తిరిగిరాలేదు.

కళ్లంలోనే మీటింగ్ పెట్టాం. మొదటి గొడవ దళంలో ఎవరుండాలన్న దాని మీదే వచ్చింది.

"పల్లె కుర్రోళ్లు మా కళ్లాల్లో తిరిగితే ఎట్టా మేడమ్?" అన్నాడొకాయన.

"పగలు మీ కళ్లాల్లో కాయ ఎత్తేది వాళ్లే కదండీ. కాపలాకి తిరిగితే ఏమవుద్ది?" అన్నాను.

నవ్వారు. ఊరి నుంచి ఒకరు, పల్లె నుంచి ఒకరు, జంటలుగా తిరగాలని నేను పట్టుబట్టాను. అది మంచి ఆలోచనే. ఇప్పటికీ అదే అంటాను. ఊరివాళ్లూ పల్లెవాళ్లూ ఒకే ప్లాస్కులో టీ తాగడం ఆ గస్తీలోనే చూశాను.

దళానికి పెద్దగా ఒక మిరప రైతును పెట్టాం. నెమ్మదస్తుడు. కోపం వచ్చినా గొంతు పెంచడు. ఆయన మాటంటే రెండు వైపులా గౌరవం. స్టేషన్లో మేం ఆయన్ని కెప్టెన్ అనేవాళ్లం, ముందు సరదాకి, తర్వాత నిజంగానే. అందరికీ ఈలలిచ్చాం. ఆగకుండా ఈల ఊదితే, ఏ పనిలో ఉన్నవాళ్లయినా అక్కడికి పరిగెత్తుకు రావాలి. అంతే మా రూలు.

కాయ పోవడం ఆగింది. ఎస్సై గారికి పైనుంచి మెప్పు వచ్చింది. మా హోంగార్డు కూడా కొన్నాళ్లు సణగడం మానేశాడు.

అంతా బాగుందనుకునేసరికి ఫోన్లలో ఒక వాయిస్ మెసేజ్ తిరగడం మొదలైంది. ఎవరో మగగొంతు, మన యాసే. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా మన జిల్లాలో దిగిందని, తువాళ్లలో చుట్టి తీసుకుపోతున్నారని, పోలీసులు దాస్తున్నారని. దాని వెంట ఎక్కడిదో తెలియని ఫోటో. అది అబద్ధమని మేం మైకులో చెప్పించాం. పోలీసులు దాస్తున్నారని ముందే విన్నవాళ్లకు పోలీసులు చెబితే ఏం నమ్మకం?

మిరపకోతల రోజులవి. పెద్దవాళ్లంతా చేలల్లో ఉంటారు, పిల్లలు ఇళ్ల దగ్గర ఉంటారు. దాంతో దళం పగలు కూడా కాపలా మొదలుపెట్టింది. నన్నెవరూ అడగలేదు. సవరాలకు వెంట్రుకలు కొనే అతన్ని ఆపి ఆధార్ కార్డు చూపించమన్నారు. స్టీలు సామాన్ల వాడి మూట విప్పించి రోడ్డు మీద గిన్నెలన్నీ పరిచారు. వాళ్లలో ఒకరికి చెంపదెబ్బ కూడా పడింది. నేను వెళ్లి మందలిస్తే కెప్టెన్ నెమ్మదిగా అన్నాడు, "దెబ్బ తప్పేనమ్మా. కానీ మా ఇంట్లో కూడా చంటిపిల్ల ఉంది."

ఆయన కళ్లలో నిద్ర లేదు. ఎవరి కళ్లలోనూ లేదు. పగలు చేను, రాత్రి గస్తీ, మధ్యలో ఫోను. నేను ఎస్సై గారికి చెప్పాను, వీళ్లు భయపడి ఉన్నారు, కొన్నాళ్లు దళాన్ని ఆపుదామని. "ఇప్పుడు ఆపితే మళ్లీ దొంగతనాలు మొదలైతే ఎవరు సమాధానం చెప్పాలి మేడమ్?" అన్నాడు.

ఆ రోజు ఎస్సై గారు, మిగతా స్టాఫ్ ఒంగోలులో బందోబస్తుకు వెళ్లారు. నేనూ హోంగార్డూ బైకు మీద ఆ ఊరు వెళుతున్నాం, మామూలు మీటింగుకే. మధ్యాహ్నం మూడు దాటింది. ఊరు ఇంకా కనబడకముందే ఈలలు వినబడ్డాయి. ఒకటి కాదు, నాలుగు వైపుల నుంచీ. ఆగకుండా.

"దొంగ దొరికాడేమో మేడమ్" అన్నాడు హోంగార్డు. తొందరగా పోనియ్యమన్నాను.

కళ్లాల మధ్య జనం గుండ్రంగా మూగి ఉన్నారు. తోసుకుని వెళ్లి చూస్తే, మధ్యలో ఒక మనిషి మోకాళ్ల మీద ఉన్నాడు. చొక్కా చిరిగిపోయింది, నోటి నుంచి రక్తం. రెండు చేతులతో ఒక పాపను గుండెకు అదుముకుని ఉన్నాడు. రెండేళ్లుంటాయేమో. పాప తలమీద తువాలు చుట్టి ఉంది. ఇద్దరు ఆ పాపను లాగుతున్నారు, అతను వదలడం లేదు, పాప గుక్కపట్టి ఏడుస్తోంది.

"తువాల్లో చుట్టుకొచ్చాడు మేడమ్. బిస్కట్లు పెడతన్నాడు. భాష కూడా మనది కాదు" అన్నారెవరో.

"పాప వాణ్ణి నాన్నా అని కూడా అనట్లేదు. బోవూ, బోవూ అని భయపడి అరుస్తంది" అంది ఒకామె.

అతని ఫోను కింద పగిలి ఉంది. మాట్లాడబోయినప్పుడల్లా ఎవరో ఒకరు కొడుతున్నారు. కొట్టేవాళ్ల మెడల్లో నేనిచ్చిన ఈలలు.

అతన్ని చంపేస్తారని నాకు అర్థమైంది. అంతకుముందు నాకు తెలిసిన మొహాల్లో ఆ రోజు నాకు తెలిసిందేమీ లేదు. లాఠీ తీస్తే నన్నూ తోసేస్తారు. అందుకని ముందుకు వెళ్లి అతని కాలర్ పట్టుకుని లేపాను. "వీణ్ణి అరెస్ట్ చేస్తున్నా. పక్కకు జరగండి" అన్నాను. పాపను నా చంకనెత్తుకున్నాను. ఒళ్లు కాలిపోతోంది. జ్వరం.

బైకు వైపు నడవబోతే దారి ఇవ్వలేదు. "స్టేషన్‌కి తీసుకెళ్తే రేపు వదిలేస్తారు. ఇక్కడే తేల్చండి" అన్నాడొకడు. వెనక నుంచి రాయి వచ్చి అతని వీపుకు తగిలింది. అప్పుడు చర్చి మెట్ల మీద నుంచి ఒక ముసలావిడ పిలిచింది. "ఇటు రామ్మా."

ఆవిడ ఆ చర్చి బైబిల్ ఉమన్. జబ్బుపడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లి ప్రార్థన చేసేది, చర్చి ఊడ్చేది, తాళాలు ఆవిడ దగ్గరే ఉండేవి. నేను అటు తిరిగాను. హోంగార్డు మా వెనక, తలుపు బయటే, చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు. లోపలికి వెళ్లగానే ఆవిడ తలుపేసి గడియ పెట్టింది.

ఒకటే తలుపు. రెండు కిటికీలు, అందులో ఒకదాని రెక్క సరిగా పడదు. పైన రేకులు. నేను తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాను.

అతను వచ్చీరాని తెలుగులో చెప్పాడు. ఒడిశా మనిషి. చీమకుర్తి దగ్గర గ్రానైట్ యూనిట్లో రాయి పాలిష్ పడతాడు. భార్య కూలీల మేస్త్రీ వెంట మిరపకోతకు వచ్చింది. ఎండలో, కాయ ఘాటులో పిల్ల తట్టుకోలేదని తన దగ్గరే ఉంచుకున్నాడు. జ్వరం వచ్చి పిల్ల తల్లి కోసం ఏడుస్తుంటే బస్సెక్కాడు. ఘాటు తగలకుండా తువాలు చుట్టాడు. ఊరి పేరు చెప్పమంటే చెప్పాడు. ఈ ఊరి పేరే, కాకపోతే ముందు 'పాత' అని ఉంది. ఆ ఊరు ఇంకా ముందుంది. ఇక్కడ దిగిపోయాడు.

నమ్మానా అంటే, పూర్తిగా నమ్మలేదు. దొంగ అయితే ఇంతకన్నా మంచి కథ చెబుతాడనిపించింది. మళ్లీ, దొంగనే కాపాడుతున్నానేమో అనీ అనిపించింది. అది కూడా ఒక భయమే. దాన్ని పక్కన పెట్టి ఎస్సై గారికి ఫోన్ చేశాను. "బయల్దేరుతున్నాం, తలుపు తీయకండి" అన్నాడు. ఒంగోలు నుంచి ఎంత తొందరగా వచ్చినా పొద్దు వాలుతుంది.

వెనక కిటికీ దగ్గరకు హోంగార్డును పిలిచాను. "పాత ఊరికి పో. మిరపకోతకొచ్చిన ఒడిశా వాళ్లెక్కడున్నారో కనుక్కుని ఈ పాప తల్లిని తీసుకురా."

"మిమ్మల్ని ఒక్కళ్లనే వదిలి నేను పోను మేడమ్."

"నువ్వుండి ఏం చేస్తావయ్యా? పో."

అతను నా మొహం ఒకసారి చూసి వెళ్లాడు. బైకు చప్పుడు దూరమయ్యాక నేనెంత ఒంటరిదాన్నో తెలిసింది.

తలుపు అవతల కెప్టెన్ గొంతు వినబడింది. అందరూ అరుస్తుంటే ఆయన అరవలేదు. తలుపుకు నోరు దగ్గరగా పెట్టి మామూలుగా మాట్లాడాడు. "మేడమ్, తలుపు తీయండి. మీకు మేమేం అపకారం చెయ్యం."

"వాడికి?"



"పాపను మా ఆడోళ్లకివ్వండి. వాణ్ణి మాకు వదిలెయ్యండి. తర్వాత మీరేం రాసుకుంటారో రాసుకోండి."

"తల్లి కోసం మనిషిని పంపానండీ. కాసేపు ఆగండి."

"ఈలోపు వాడి మనుషులొస్తే?"

ఆ గొంతులో కోపం లేదు. నిజంగా భయపడుతున్నాడాయన. కోపంతో వచ్చినవాడైతే అరిచి అలిసిపోతాడు. ఈయన ఒక పిల్లను కాపాడుతున్నాననుకుంటున్నాడు. ఎంతదాకా వెళతాడో చెప్పలేం.

రేకుల మీద రాళ్లు పడటం మొదలైంది. లోపల ఆ చప్పుడుకి పాప ఏడుపు మాని వణకసాగింది. అతను బల్లల కింద, మూలకు జరిగి, పాపను కడుపులో పెట్టుకుని ముడుచుకున్నాడు. బైబిల్ ఉమన్ ప్రార్థన పైకి చేయలేదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి.

కాసేపటికి నా గొంతులో ఏదో గుచ్చుకున్నట్టయింది. తర్వాత కళ్లు మండాయి. మీలో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. రంగు పోయి తెల్లబడిన మిరపకాయల్ని తాలుకాయలంటారు. కళ్లం పక్కన ఏరి కుప్ప పోస్తారు. వాటికి నిప్పంటుకుంటే వచ్చే పొగ పీల్చి ఏ మనిషీ ఒకచోట నిలబడలేడు. మమ్మల్ని బయటికి రప్పించడానికి ఎవరో ఆ తాలుకాయల్ని తెచ్చి, రెక్క పడని కిటికీ కింద అంటించారు.

పాప దగ్గుతోంది. దగ్గుకు, దగ్గుకు మధ్య ఊపిరి అందడం లేదు. నా ఊపిరీ ఆగిపోతోంది. తలుపు తీస్తే అతను చస్తాడు. తీయకపోతే పాప చస్తుంది. నా చెయ్యి గడియ మీదకు వెళ్లింది. ఇంకొక్క క్షణం ఆగితే తీసేదాన్నే.

బైబిల్ ఉమన్ లేచి, ముందు రొట్టె, ద్రాక్షరసం పంచే బల్ల మీది తెల్లగుడ్డ లాగి మూలనున్న నీళ్ల కుండలో ముంచింది.

"అది సంస్కారం బల్ల గుడ్డ కదమ్మా" అన్నాను. ఆ సమయంలో ఆ మాట ఎందుకొచ్చిందో నాకే తెలియదు.

"గుడ్డే కదమ్మా" అంది. సగం చింపి పాప మొహానికి చుట్టమని అతనికిచ్చింది. మిగతా సగం పట్టుకుని దగ్గుతూనే కిటికీ దగ్గరికి వెళ్లి, సందులో కుక్కి, రెండు చేతులతో ఒత్తిపట్టి నిలబడింది. అప్పుడు గట్టిగా అరిచింది, "లోపల పసిబిడ్డ ఉందిరా, ఊపిరాడట్లేదురా దానికి" అని.

అవతల ఒక్కసారిగా తొక్కిసలాట. ఎవరో నిప్పును కాళ్లతో తన్నుతున్నారు. "పాప కోసమే కదరా వచ్చింది, బుద్ధుందా మీకు" అని కెప్టెన్ గొంతు. ఆయన కేకవేయడం నేను విన్నది అదొక్కసారే. ఆ తర్వాత ఆయనా దగ్గుతూనే ఉన్నాడు. పొగ వాళ్లనూ తరిమింది. కాసేపు జనం వెనక్కి తగ్గారు. ఆ కాసేపే మమ్మల్ని నిలబెట్టింది.

బైకు చప్పుడు విన్నప్పుడు నేను నమ్మలేదు. కిటికీ సందులోంచి చూశాను. హోంగార్డు వెనక ఒక సన్నటి మనిషి, మొహానికి గుడ్డ కట్టుకుని, బైకు ఆగకముందే దూకింది. జనం చుట్టుముట్టారు. "ఇది కూడా ఆ ముఠానే" అన్నదెవరో. ఆమెకు ఆ మాటలేవీ అర్థం కాలేదు. చర్చి వైపు చూస్తూ ఏదో పేరు పెట్టి పిలిచింది.

లోపల పాప తల ఎత్తి అరిచింది. "బోవూ."

వాళ్ల భాషలో బోవు అంటే అమ్మ. అది నాకు తర్వాత తెలిసింది. కానీ ఆ పిలుపు విన్న ఎవరికీ అనువాదం అక్కర్లేదు.

నేను గడియ తీసి పాపను ఎత్తుకుని మెట్ల మీదకొచ్చాను. ఆమె పరుగున వచ్చి, నాకు అంత దూరంలో ఆగిపోయింది. అరచేతులు వెనక్కి విరిచి పట్టుకుంది. వేళ్ల నుంచి మణికట్ల దాకా ఎర్రగా ఉన్నాయి. పొద్దున్నుంచీ కాయ కోసిన చేతులు, తగిలితే పాపకు మంట. పాపను ఆ చేతులతో తాకలేదు. మోచేతులు చాచి, వాటి మడతల మధ్య తీసుకుంది. చేతులు దూరంగా గాల్లో పెట్టి, పాప కన్నీళ్లను తన భుజంతో తుడిచింది.

జనంలో ముందు ఆడవాళ్లు నిశ్శబ్దమయ్యారు. ఆ ఊళ్లో చంటిపిల్లల తల్లి ఎవరైనా సరే, కోత నుంచి ఇంటికొచ్చి బిడ్డను అలాగే ఎత్తుకుంటుంది. దానికి కాగితం, కార్డు అక్కర్లేదు. ఇందాక బోవూ బోవూ అని పాప భయపడి అరుస్తోందన్నామె పక్కనున్న పిల్లతో అంది, "పోయి మజ్జిగ తేవే. మంట పోయేట్టు చేతులు కడుక్కోనీ, పాపం."

మగవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఎవరి దారిన వాళ్లు కదిలారు. కెప్టెన్ మాత్రం అక్కడే, ఆరిన బూడిద పక్కన, మట్టిలో కూర్చుండిపోయాడు.

ఆ తర్వాత జరిగింది క్లుప్తంగా చెబుతాను. ఎస్సై గారు వచ్చేసరికి పొద్దు గుంకుతోంది. పాపకు ఆసుపత్రిలో జ్వరం తగ్గింది. పాప తండ్రి కేసు వద్దన్నాడు, వదిలేస్తే పోతానన్నాడు. అయినా కేసు పెట్టాం. కెప్టెన్ పేరు కూడా అందులో ఉంది. దళాన్ని ఎత్తేశాం. కొంతకాలానికి మళ్లీ పెట్టారు, ఈలలు లేకుండా, అనుమానం వస్తే స్టేషన్‌కు ఫోన్ చేయడమే తప్ప మనిషి మీద చెయ్యి వేయకూడదన్న షరతుతో. వాయిదాలకు వెళ్లినప్పుడు కోర్టు వరండాలో కెప్టెన్ కనబడేవాడు. ప్రతిసారీ లేచి నిలబడి నమస్కారం పెట్టేవాడు. ఒకసారి పక్కన కూర్చుని అన్నాడు, "ఆ రోజు మీరు తలుపు తీసుంటే నేనేం చేసేవాణ్ణో నాకు తెలవదు మేడమ్. రాత్రిళ్లు అదే ఆలోచన." నాకూ తెలియదని చెప్పాను.

కాపలా దళాలు వద్దని నేను మీకు చెప్పను. స్టాఫ్ మీకూ ఉండరు, మీరూ పెడతారు. పెట్టినప్పుడు వాళ్లను దేనికి భయపడమంటున్నారో కాస్త చూసుకోండి. అంతకుమించి సలహా చెప్పేటంత తెలివి నాకు రాలేదు.

ఒకటి మాత్రం చెప్పి ముగిస్తాను. ఆ సాయంత్రం వాళ్ల ముగ్గుర్నీ ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది నేనే. పాప తల్లి ఒళ్లో నిద్రపోయింది. అతను కళ్లాలు దాటాక, మెల్లగా, భార్యకు కూడా వినబడకూడదన్నట్టు నన్నడిగాడు.

"మేడమ్, వాళ్లు దొంగలా?"

"కాదయ్యా. ఊరి కాపలావాళ్లు."

అతను కాసేపు ఆ మాట అర్థం చేసుకోవడానికి ప్రయత్నించాడు. తర్వాత వెనక్కి తిరిగి రోడ్డు వైపు చూసి, ముందుకు వంగి, ఆటో ఇంకొంచెం తొందరగా నడపమని డ్రైవర్‌ని బతిమాలాడు.